3డీఈఎస్ నిజంగా ప్రమాదమా, లేక ఆడిట్ వాళ్లు పేజీలు నింపుతున్నారా?

కోడూరు_కుర్రాడు
మా ఆఫీసు బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద. అప్పులిచ్చే సంస్థలకి బ్యాక్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఈ మధ్య సెక్యూరిటీ ఆడిట్ రిపోర్టు వచ్చింది. అందులో పాత ఎన్‌క్రిప్షన్ గురించే మూడు అభ్యంతరాలు ఉన్నాయి. బయటి సర్వర్‌లో టీఎల్ఎస్‌కి (బ్రౌజర్, సర్వర్ మధ్య డేటాని దాచే పద్ధతి) 3డీఈఎస్ ఇంకా ఆన్‌లో ఉందట. అంటే డీఈఎస్ అనే పాత సైఫర్‌ని (డేటాని దాచే లెక్క) మూడు సార్లు తిప్పేది. లోపలి విండోస్ డొమైన్‌లో (ఆఫీసు లాగిన్లన్నీ ఒక్కచోట చూసే వ్యవస్థ) ఆర్‌సీ4 అనే ఇంకో పాత సైఫర్ నడుస్తోందట. ఇక డేటాబేస్‌లో కస్టమర్ల పాన్, ఐఎఫ్ఎస్‌సీ, అకౌంట్ నంబరు అన్నీ జావా కోడుతో 3డీఈఎస్‌లో దాస్తున్నాం.

మా లీడ్ ఏమంటారంటే, "168 బిట్ల కీ, ఎవడు పగలగొడతాడు? ఇన్నేళ్లుగా నడుస్తోంది, ఒక్క సమస్య రాలేదు. రిలీజ్ అయ్యాక చూద్దాం." ఆయన మంచి మనిషి, నాకు పని నేర్పింది కూడా ఆయనే. అందుకే వాదన కాదు, గట్టి కారణాలు కావాలి. ఇది నిజంగా ప్రమాదమా? అయితే మూడింట్లో ముందు దేన్ని మార్చాలి? రిలీజ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని
సర్వర్ కాన్ఫిగ్‌లో సైఫర్ లిస్టు నుంచి 3డీఈఎస్ తీసేసి రీలోడ్ కొట్టు. స్కాన్ మళ్లీ పెట్టించు, రిపోర్టు పచ్చగా వస్తుంది. మిగతావి రిలీజ్ అయ్యాక చూసుకోవచ్చు బ్రో.

సీమ_సెక్యూరిటీ
నాని, మొదటి దానికి అది చాలు. కానీ మూడింటినీ ఒకే జబ్బు అనుకుంటే పొరపాటు. డీఈఎస్‌కి కీ చిన్నది. 3డీఈఎస్‌కి బ్లాక్, అంటే ఒకసారికి దాచే ముక్క, చిన్నది. ఆర్‌సీ4కి బయటికొచ్చే బైట్లలోనే వంకర ఉంది. డేటాబేస్ విషయంలో సైఫర్ కంటే దాన్ని వాడే పద్ధతి మీదే నాకు అనుమానం. కోడూరు తమ్ముడూ, ఆ జావా లైన్‌లో సైఫర్ పేరు తర్వాత మోడ్ (బ్లాకుల్ని ఒకదానితో ఒకటి ఎలా కలిపి దాచాలో చెప్పేది) రాశారా, లేక ఉత్త డీఈఎస్ఈడీఈ (జావాలో 3డీఈఎస్ పేరు) అని వదిలేశారా? చూసి చెప్పు.

లెక్కల_మాస్టారు
లీడ్ గారికి చెప్పాలంటే కథ మొదటి నుంచి తెలియాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1970ల మొదట్లో ఐబీఎంలో హార్స్ట్ ఫైస్టల్ బృందం లూసిఫర్ అనే సైఫర్ చేసింది. దాని ఒక రూపానికి 128 బిట్ల కీ ఉండేది. అమెరికా ప్రభుత్వం దాని ఆధారంగా 1977లో డీఈఎస్‌ని ప్రమాణంగా ప్రకటించేసరికి కీ 56 బిట్లకి దిగింది. డిఫీ, హెల్‌మన్ అనే క్రిప్టోగ్రఫీ పరిశోధకులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2 కోట్ల డాలర్లు పెడితే ఒక్క రోజులో కీ పట్టుకునే యంత్రం కట్టొచ్చని 1977లోనే లెక్క రాసి ప్రచురించారు. చాలామంది పట్టించుకోలేదు.

56 బిట్లంటే సుమారు 720 కోట్ల కోట్ల కీలు. అంకె భయంకరంగానే ఉంటుంది. కానీ 1998లో ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో డీప్ క్రాక్ అనే యంత్రం కట్టింది. అది సెకనుకి దాదాపు 9,000 కోట్ల కీలు ప్రయత్నించేది. 56 గంటల్లో కీ దొరికింది. 1999 జనవరిలో ఇంటర్నెట్‌లోని వేల కంప్యూటర్లు కూడా దానికి తోడైతే 22 గంటల 15 నిమిషాలు చాలాయి. 2006లో జర్మనీ పరిశోధకులు 120 ఎఫ్‌పీజీఏ చిప్పులతో ఇలాంటిదే 10,000 డాలర్ల స్థాయిలో కట్టి చూపించారు. 2005లోనే అమెరికా ఆ ప్రమాణాన్ని ఉపసంహరించుకుంది.

ఇందులో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. డీఈఎస్ లోపలి ఎస్-బాక్సుల్ని (బిట్లని వేరే బిట్లతో మార్చే పట్టికలు) అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ మార్పించింది, అందులో దొంగదారి పెట్టారేమోనని ఏళ్ల తరబడి అందరూ అనుమానించారు. 1990 ప్రాంతంలో బీహామ్, షమీర్ డిఫరెన్షియల్ క్రిప్టనాలిసిస్ అనే కొత్త దాడి బయటపెట్టారు. చూస్తే ఆ ఎస్-బాక్సులు సరిగ్గా ఆ దాడికే బలంగా నిలబడ్డాయి. ఆ దాడి 1974లోనే మాకు తెలుసని ఐబీఎంకి చెందిన డాన్ కాపర్‌స్మిత్ 1994లో రాశారు. అంటే లోపలి నిర్మాణాన్ని గట్టి చేశారు, కీని మాత్రం కురచ చేశారు. డీఈఎస్‌ని చివరికి కూల్చింది ఆ కురచతనమే.

గుంటూరు_ఘాటు
మాస్టారూ, ఇదంతా ఒంటి డీఈఎస్ గురించి కదా. వాళ్లది 3డీఈఎస్. మూడు సార్లు చేస్తే 56 ఇంటూ 3, 168. లీడ్ మాట తప్పెలా అవుతుంది?

లెక్కల_మాస్టారు
ఘాటు గారూ, మంచి ప్రశ్న. ముందు రెండు సార్లు చేస్తే ఏమవుతుందో చూద్దాం. 112 బిట్ల బలం వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాదు. మెట్రో సొరంగం రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిపినట్టు చేస్తారు. ఒక సందేశం అసలు రూపం, దాచిన రూపం రెండూ చేతిలో ఉన్నాయనుకోండి. అసలు రూపాన్ని అన్ని కీలతో ముందుకి ఎన్‌క్రిప్ట్ చేసి టేబుల్ పెట్టుకుంటారు. దాచిన రూపాన్ని అన్ని కీలతో వెనక్కి డీక్రిప్ట్ చేసి ఆ టేబుల్‌లో వెతుకుతారు. పని 2 పవర్ 112 కాదు, 2 పవర్ 57 మాత్రమే. మెమరీ విపరీతంగా కావాలి, అది వేరే సంగతి. అందుకే డబుల్ డీఈఎస్ ఎవరూ వాడలేదు.

ట్రిపుల్‌కి కూడా ఇదే ఎత్తు పనిచేస్తుంది. మూడు వేర్వేరు కీలున్నా అసలు బలం 112 బిట్ల దగ్గర ఆగుతుంది. మొదటి కీ, మూడో కీ ఒకటే అయితే ఇంకా తక్కువ, దాన్ని 80 బిట్లుగానే లెక్కకట్టారు. కాబట్టి 168 అనేది కీ పొడవు మాత్రమే, బలం కాదు.

కోడూరు_కుర్రాడు
అయినా 112 అంటే ఈ రోజుకీ ఎవరూ పగలగొట్టలేరు కదా మాస్టారూ? అలాగైతే మా లీడ్ మాటే నెగ్గుతుంది.

సీమ_సెక్యూరిటీ
కీ వరకూ ఆయన మాట నిజమే. 3డీఈఎస్ కీని వెతికి పట్టుకున్నవాళ్లు లేరు. దెబ్బ వేరే చోట తగిలింది. డీఈఎస్ ఒకసారికి 64 బిట్లే, అంటే 8 బైట్లే మింగుతుంది. మూడు సార్లు చేసినా బ్లాక్ అంతే.

పుట్టినరోజుల లెక్క అందరం కాలేజీలో చదివిందే. గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది. అలాగే 64 బిట్ల బ్లాక్‌తో, ఒకే కీ కింద 2 పవర్ 32 బ్లాకులు పోయేసరికి రెండు దాచిన బ్లాకులు ఒకేలా వచ్చే అవకాశం గట్టిగా ఉంటుంది. అది ఎంత డేటా అనుకుంటున్నారు? 32 జీబీ. సీబీసీ మోడ్‌లో (ప్రతి బ్లాకునీ అంతకుముందు దాచిన బ్లాకుతో కలిపి దాచే పద్ధతి) అలా రెండు కలిస్తే, వాటి అసలు బ్లాకుల ఎక్స్‌ఆర్ (రెండింటి బిట్లకీ మధ్య తేడా) బయటపడుతుంది. ఒకదాంట్లో ఏముందో ముందే తెలిస్తే రెండోది చేతికొచ్చినట్టే. వెబ్ ట్రాఫిక్‌లో చాలా భాగం తెలిసిన టెక్స్టే, హెడర్లు ప్రతిసారీ ఒకటే. తెలియనిది కుకీ, అంటే లాగిన్ అయ్యాక బ్రౌజర్ పంపే రహస్య గుర్తు.

2016లో ఫ్రాన్స్‌లోని ఇన్రియాకి చెందిన భార్గవన్, ల్యూరాన్ దీన్ని స్వీట్32 పేరుతో చేసి చూపించారు. 785 జీబీ ట్రాఫిక్‌తో, రెండు రోజుల లోపే 3డీఈఎస్ కనెక్షన్‌లో కుకీ లాగారు. నీ రిపోర్టులో సీవీఈ-2016-2183 అనే లోపం నంబరు ఉంటుంది చూడు, అదే ఇది.

నైట్‌షిఫ్ట్_నాని
ఒకే కనెక్షన్ మీద 785 జీబీ ఎవడు పోనిస్తాడు అక్కా? మా లోడ్ బ్యాలెన్సర్ ఐదు నిమిషాలకే కనెక్షన్ తెంపేస్తుంది. ఇది ల్యాబ్‌లో జరిగే పని. మీరందరూ మరీ భయపెడుతున్నారు.

బెళ్లందూరు_బాబాయ్
నాని, బ్రౌజర్ సంగతి వదిలెయ్. వీపీఎన్ చూడు. నేను చూసే ఒక క్లయింటుకి రెండు డేటా సెంటర్ల మధ్య డేటాబేస్ రెప్లికేషన్ అంతా బ్లోఫిష్ అనే సైఫర్‌తో నడిచే టన్నెల్ మీద పోయేది. బ్లోఫిష్‌ది కూడా 64 బిట్ల బ్లాకే. ఓపెన్‌వీపీఎన్‌లో చాలా ఏళ్లు అదే డిఫాల్ట్. 1 గిగాబిట్ లింకు నిండుగా పోతుంటే 32 జీబీ దాటడానికి నాలుగున్నర నిమిషాలు చాలు. 10 గిగాబిట్ అయితే అర నిమిషం కూడా పట్టదు. గంటకోసారి కీ మార్చే సెట్టింగ్ ఉందనుకో, ఆ గంటలో హద్దు ఎన్నిసార్లు దాటిపోయిందో నువ్వే లెక్కేసుకో. ల్యాబ్ అన్నావు కానీ, ఆ లింకు మీద అది రోజూ జరిగేదే.

సీమ_సెక్యూరిటీ
బాబాయ్ చెప్పింది సరైన ఉదాహరణ. నాని, నీ లోడ్ బ్యాలెన్సర్ గురించి నువ్వన్నదీ నిజమే, అక్కడ ప్రమాదం తక్కువ. కానీ ఈ దాడి తర్వాత అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక్కో 3డీఈఎస్ కీ కింద 2 పవర్ 20 బ్లాకులు దాటొద్దని పరిమితి పెట్టింది. అది 8 ఎంబీ. ఫోన్‌లో తీసిన రెండు ఫొటోలు. 2023 ముగిశాక కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేయడానికి 3డీఈఎస్ వాడకూడదని కూడా చెప్పేసింది. పాత డేటాని విప్పడానికి మాత్రమే అనుమతి.

కోడూరు_కుర్రాడు
కోడు చూశాను అక్కా. ఉత్త డీఈఎస్ఈడీఈ అనే ఉంది. మోడ్ రాయలేదు. దాని అర్థం ఏంటి?

పాత_జావా
అర్థం ఏంటంటే ఈసీబీ. జావాలో మోడ్ రాయకపోతే మామూలుగా ఈసీబీ, పీకేసీఎస్5 ప్యాడింగ్ (చివరి బ్లాకు నిండేలా కలిపే బైట్లు) తీసుకుంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఈ ఒక్క లైన్ ఎన్ని కంపెనీల్లో ఉందో ఊహించుకుంటేనే బాధేస్తుంది.

శిరీష_క్యూఏ
కోడూరు గారూ, మిగతా రెండూ పక్కన పెట్టి ముందు దీన్ని చూడండి. ఈసీబీలో ప్రతి 8 బైట్ల ముక్కనీ విడివిడిగా దాస్తారు. ఒకే ముక్క ఎన్నిసార్లు వచ్చినా దాచిన రూపం ఒక్కటే. 2013లో అడోబీ నుంచి 15 కోట్ల పైచిలుకు అకౌంట్ల వివరాలు బయటపడ్డాయి. పాస్‌వర్డులు సరిగ్గా ఇలాగే, 3డీఈఎస్ ఈసీబీలో ఉన్నాయి. కీ బయటికి రాలేదు. అయినా ఒకే పాస్‌వర్డ్ పెట్టినవాళ్లంతా ఒకే వరుసలో కనిపించారు. పక్కనే పాస్‌వర్డ్ గుర్తు కోసం వాళ్లు రాసుకున్న సూచనలు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. వందమందిలో ఒక్కరు సూచన తేటగా రాస్తే మిగతా 99 మంది పాస్‌వర్డూ పోయినట్టే.

ఇప్పుడు మీ పాన్ కాలమ్ సంగతి. పాన్‌లో 10 అక్షరాలు. మొదటి 8 ఒక బ్లాక్. మిగిలిన 2, ప్యాడింగ్‌తో కలిపి రెండో బ్లాక్. ఆ రెండింట్లో ఒకటి అంకె, ఒకటి అక్షరం. 10 ఇంటూ 26, అంటే 260 రకాలే. మీ టెస్ట్ డేటాబేస్‌లో ఆ కాలమ్ రెండో సగం మీద గ్రూప్ బై (ఒకేలాంటివి కలిపి లెక్కపెట్టే క్వెరీ) వేసి చూడండి. వరుసలు ఎన్ని లక్షలున్నా 260 దాటవు.

గుంటూరు_ఘాటు
అమ్మో. ఐఎఫ్ఎస్‌సీకి అయితే ఇంకా ఘోరం కదా? మొదటి నాలుగు బ్యాంకు పేరు, ఐదోది సున్నా, ఆ తర్వాత బ్రాంచి కోడు.

శిరీష_క్యూఏ
అవును. చాలా బ్రాంచి కోడులు సున్నాలతోనే మొదలవుతాయి. కాబట్టి మొదటి బ్లాక్ చూస్తే చాలు, ఏ బ్యాంకులో ఎంతమంది కస్టమర్లున్నారో కీ లేకుండానే లెక్క వచ్చేస్తుంది. ఎక్కువసార్లు వచ్చింది దేశంలో పెద్ద బ్యాంకు అయి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. ఇక పరీక్ష కోసం తన పాన్, ఐఎఫ్ఎస్‌సీ ఇచ్చి అప్లికేషన్ పెట్టుకున్నవాడికి వాటి దాచిన రూపం కనిపిస్తే, అవే ముక్కలున్న వరుసలన్నీ వాడికి తెలిసినట్టే.

కోడూరు_కుర్రాడు
వేసి చూశాను. సరిగ్గా 260 వచ్చాయి. చేతులు చల్లబడ్డాయి. స్క్రీన్ మా లీడ్‌కి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఐఎఫ్ఎస్‌సీ కాలమ్ మీద తనే క్వెరీ రాశారు.

నైట్‌షిఫ్ట్_నాని
సరే, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క అనుమానం మాత్రం ఉంది. డేటాబేస్ దాకా వచ్చినవాడు అప్లికేషన్ సర్వర్‌లోని కీ దగ్గరికి రాలేడా? అప్పుడు ఏ మోడ్ అయితే ఏంటి?

బెళ్లందూరు_బాబాయ్
రాగలవాడు రాగలడు. కానీ డేటాబేస్ కాపీలు ఎన్ని చోట్ల తిరుగుతాయో చూడు. బ్యాకప్ టేపులు, డెవలపర్ ల్యాప్‌టాప్‌లో టెస్ట్ కాపీ, వెండర్‌కి పంపిన డంప్, రిపోర్టుల టీమ్ దగ్గర ఎక్స్‌పోర్ట్. వాటిలో ఎక్కడా కీ ఉండదు, డేటా మాత్రం ఉంటుంది. అక్కడ కాపాడాల్సింది ఎన్‌క్రిప్షనే.

హెచ్‌ఎస్‌ఎం_రావు
నేను పేమెంట్స్ వైపు మనిషిని. 3డీఈఎస్ అనగానే అందరూ చెత్త అనేస్తున్నారు, అది పూర్తిగా న్యాయం కాదు. ఏటీఎం పిన్, కార్డు మెషీన్లలో పిన్ దశాబ్దాలుగా 3డీఈఎస్‌తోనే పోయాయి, ఇంకా చాలా చోట్ల పోతున్నాయి. కార్డు మెషీన్లలో డక్‌పుట్ పద్ధతిలో ప్రతి లావాదేవీకి కొత్త కీ పుడుతుంది. ఒక కీ కింద పోయేది ఒకటి రెండు బ్లాకులు. స్వీట్32కి కావలసిన 32 జీబీ అక్కడ ఎప్పటికీ పోగవదు. పైగా పిన్‌ని ఒట్టిగా దాచరు. కార్డు నంబరులోని 12 అంకెలతో ఎక్స్‌ఆర్ చేసి అప్పుడు ఎన్‌క్రిప్ట్ చేస్తారు. అందుకే వెయ్యి మంది ఒకే పిన్ పెట్టుకున్నా దాచిన రూపం వెయ్యి రకాలుగా ఉంటుంది. అడోబీలో లేనిది అదే.

కాబట్టి సైఫర్ పేరు చూసి తీర్పు చెప్పకండి. మేమూ ఏఈఎస్ అనే కొత్త సైఫర్‌కి మారుతున్నాం. కానీ ఊళ్లలో దుకాణాల్లో ఉన్న మెషీన్లన్నీ రాత్రికి రాత్రి మారవు.

సీమ_సెక్యూరిటీ
రావు గారూ, ఒప్పుకుంటున్నాను. మీ దగ్గర ఆ జాగ్రత్తలు తెలిసి పెట్టుకున్నవి. ఇబ్బందల్లా ఆ జాగ్రత్తలేవీ లేకుండా సైఫర్ ఒక్కదాన్ని తెచ్చుకున్న అప్లికేషన్లతోనే.

రేడియో_రెడ్డి
ఆర్‌సీ4ని అందరూ మర్చిపోయారు. నాకిష్టమైన సబ్జెక్టు, నేను చెప్తా.

రాన్ రివెస్ట్ 1987లో చేశాడు. రహస్యంగా ఉంచారు. 1994లో ఎవరో పేరు చెప్పకుండా కోడు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. నాలుగైదు లైన్లలో రాసేంత చిన్నది, వేగం ఎక్కువ, అందుకే అందరూ ఎగబడ్డారు. అది బ్లాక్ సైఫర్ కాదు, ఒక బైట్ తర్వాత ఒక బైట్ రాండమ్‌గా ఉమ్ముతూ పోతుంది. కానీ నిజంగా రాండమ్ కాదు. రెండో బైట్ సున్నా అయ్యే అవకాశం 256లో 1 ఉండాలి. 128లో 1 ఉంటుందని మాంటిన్, షమీర్ 2001లో చూపించారు. సరిగ్గా రెట్టింపు. ఇలాంటి వంకరలు ఆ తర్వాత ఇంకెన్నో దొరికాయి. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సుభమోయ్ మైత్రా, గౌతమ్ పాల్ వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆర్‌సీ4 వంకరల మీద ఎక్కడ చదివినా ఆ పేర్లు కనిపిస్తాయి. మన దేశం నుంచి ఇంత లోతైన పని వచ్చిందని చాలామందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది.

వైఫైలో డబ్ల్యూఈపీ అనే పాత రక్షణ పద్ధతిని దీని మీదే కట్టారు. 24 బిట్ల ఐవీ (ప్రతిసారీ మారుస్తూ కీతో పాటు వాడే అంకె), అంటే 1.67 కోట్ల రకాలే. దాన్ని తీసుకెళ్లి నేరుగా రహస్య కీ ముందు అతికించారు. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ దాన్ని విరిచారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ వాళ్లు ఒక్క నిమిషం లోపే 104 బిట్ల కీ లాగారు.

గుంటూరు_ఘాటు
మారతహళ్లిలో మా పాత పీజీలో వైఫై అదే ఉండేది. పాస్‌వర్డ్ అడిగితే ఓనర్ ఆంటీ "పైనింటి పిల్లల్ని అడుగు, వాళ్లకి తెలుసు" అనేది. వాళ్లకి ఎవరూ చెప్పలేదు, మరి ఎలా తెలిసిందో ఇప్పుడు అర్థమైంది.

పాత_జావా
రెడ్డి బ్రో ఒక ముఖ్యమైన ముక్క వదిలేశాడు. 2011లో టీఎల్ఎస్ మీద బీస్ట్ అనే దాడి వచ్చినప్పుడు సీబీసీ ప్రమాదమని, ఆర్‌సీ4కి మారమని సలహా వచ్చింది. చాలా సైట్లు ఆర్‌సీ4ని మొదటి వరుసలో పెట్టాయి. రెండేళ్లు తిరగకుండానే 2013లో, ఆల్‌ఫర్దాన్, బెర్న్‌స్టైన్, ప్యాటర్సన్ వాళ్లు ఒకే కుకీని కోట్ల కొద్దీ కనెక్షన్లలో పంపిస్తే ఆర్‌సీ4 వంకరల్ని బట్టి దాన్ని చదవొచ్చని చూపించారు. అప్పుడు మళ్లీ వెనక్కి. 2015 ఫిబ్రవరిలో టీఎల్ఎస్‌లో ఆర్‌సీ4 వాడకూడదని ప్రమాణమే వచ్చేసింది. అదే ఏడాది బెల్జియంలోని లూవెన్ నుంచి వచ్చిన దాడి 75 గంటల్లో కుకీ తీసింది. ఆ రోజుల్లో రాత్రిళ్లు కూర్చుని సైఫర్ల వరుస అటూ ఇటూ మార్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉండాలి.

కోడూరు_కుర్రాడు
మాది టీఎల్ఎస్ కాదు, విండోస్ డొమైన్ లోపల. లీడ్ "లోపలి నెట్‌వర్కే కదా" అంటున్నారు.

సీమ_సెక్యూరిటీ
లోపల ఉన్నందుకే ఎక్కువ చూడాలి. కెర్బెరోస్‌లో (విండోస్ డొమైన్ లాగిన్ పద్ధతి) ఆర్‌సీ4 వాడితే కీ ఎక్కడి నుంచి వస్తుందంటే, అకౌంట్ పాస్‌వర్డ్ ఎన్‌టీ హాష్ నుంచి. అది ఎండీ4 అనే పాత హాష్ (వెనక్కి తిప్పలేని అంకెగా మార్చే లెక్క). సాల్ట్ (ఒక్కో అకౌంట్‌కి వేరుగా కలిపే అక్షరాలు) లేదు, ఒక్కసారే తిప్పుతారు. డొమైన్‌లో మామూలు యూజర్ ఎవరైనా సర్వీస్ అకౌంట్‌కి (ప్రోగ్రాములు వాడే అకౌంట్) టికెట్ అడగొచ్చు, ఇస్తారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లి గ్రాఫిక్స్ కార్డు మీద పాస్‌వర్డులు ఒక్కొక్కటే ప్రయత్నించొచ్చు. సర్వర్ లాగ్‌లో మామూలు టికెట్ అడిగినట్టే కనిపిస్తుంది. దీన్ని కెర్బెరోస్టింగ్ అంటారు, 2014 నుంచి అందరికీ తెలిసిందే. ఏఈఎస్ టికెట్లలో అయితే సాల్ట్ ఉంటుంది, పాస్‌వర్డ్‌ని మామూలుగా 4096 సార్లు తిప్పి కీ తీస్తారు. అదే పాస్‌వర్డ్ మీద ఊహించడం ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది. ఇక్కడ వంకర బైట్ల గొడవ కూడా అక్కర్లేదు, పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే చాలు. ఒక్క ఫిషింగ్ మెయిల్‌తో లోపలికి వచ్చినవాడు మొదట చేసే పనుల్లో ఇదొకటి.

బెళ్లందూరు_బాబాయ్
డొమైన్‌లో ఆర్‌సీ4 ఆపే ముందు లాగ్ చూసుకోండి. పాత ప్రింటర్లు, స్కానర్లు, ఎప్పుడో పెట్టిన లినక్స్ డబ్బాలు లాగిన్ అవ్వక ఆగిపోతాయి. ఏళ్లుగా పాస్‌వర్డ్ మార్చని సర్వీస్ అకౌంట్లకి ఏఈఎస్ కీలే ఉండకపోవచ్చు. ఒకసారి పాస్‌వర్డ్ మారిస్తేనే అవి పుడతాయి. శుక్రవారం సాయంత్రం మాత్రం చేయకండి, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ఇంటికి చేరాక మళ్లీ వెనక్కి రావాల్సొస్తుంది.

కోడూరు_కుర్రాడు
మా లీడ్ ఒప్పుకున్నారు. ముందు డేటాబేస్, దాంతోపాటే టీఎల్ఎస్ కాన్ఫిగ్ మార్పు, తర్వాత డొమైన్. ఇప్పుడు కోడులో డీఈఎస్ఈడీఈ తీసేసి ఏఈఎస్ అని రాస్తే చాలా?

పాత_జావా
ఆగు ఆగు! ఉత్త ఏఈఎస్ అని రాసినా జావా మళ్లీ ఈసీబీనే తీసుకుంటుంది. బ్లాక్ 8 నుంచి 16 బైట్లవుతుంది, అంతే. మీ పాన్ మొత్తం ఒకే బ్లాక్‌లో పడుతుంది, కానీ ఒకే పాన్‌కి ఒకే దాచిన రూపం అలాగే ఉంటుంది. సైఫర్ గొప్పదే. డేమన్, రైమన్ అనే బెల్జియం వాళ్లు చేస్తే నాలుగేళ్ల బహిరంగ పోటీలో 15 సైఫర్ల మధ్య గెలిచి 2001లో ప్రమాణమైంది. మోడ్ మాత్రం నువ్వే రాయాలి. జీసీఎం అనే మోడ్ పెట్టు, ప్రతి విలువకీ కొత్తగా 12 బైట్ల రాండమ్ ఐవీ. ఒకే కీతో అదే ఐవీ రెండోసారి వాడితే జీసీఎం ఘోరంగా కూలుతుంది, అది గుర్తుపెట్టుకో.

శిరీష_క్యూఏ
మై‌ఎస్‌క్యూఎల్‌లో ఏఈఎస్_ఎన్‌క్రిప్ట్ ఫంక్షన్ వాడదామని ఎవరైనా అంటే, అక్కడా డిఫాల్ట్ 128 బిట్ల ఈసీబీయే. పీహెచ్‌పీ పాత ఎమ్‌క్రిప్ట్‌లో రైన్‌డాల్ 256 అనేది (రైన్‌డాల్ అంటే ఏఈఎస్ అసలు పేరు) ఏఈఎస్ 256 కాదు. అక్కడ 256 అనేది బ్లాక్ సైజు. దాన్ని ఏఈఎస్ అనుకుని ఇంకో భాషలో విప్పబోయి తల బాదుకున్న టీములు నాకు తెలుసు.

నైట్‌షిఫ్ట్_నాని
ప్రతిసారీ ఐవీ మారితే పాన్ మీద సెర్చ్ ఎలా? ఇప్పుడు వాళ్లు దాచిన విలువనే పోల్చి వెతుకుతుంటారు.

సీమ_సెక్యూరిటీ
ఇది మంచి పాయింట్, ఈసీబీ ఇన్నాళ్లు బతికింది కూడా అందుకే. పక్కన ఇంకో కాలమ్ పెట్టి, వేరే కీతో పాన్ మొత్తానికి హెచ్‌మాక్ (కీతో తీసే హాష్) తీసి అందులో దాచండి. వెతికేది దాని మీద. ఒకే పాన్ రెండు వరుసల్లో ఉంటే అది అక్కడా తెలుస్తుంది, కానీ ముక్కలుగా విరిచి చదవడం కుదరదు. ఐఎఫ్ఎస్‌సీకి మాత్రం ఆ కాలమ్ పెట్టొద్దు, ఒకే విలువ వేలమందికి ఉంటుంది కాబట్టి లెక్కలు మళ్లీ బయటపడతాయి.

బెళ్లందూరు_బాబాయ్
దాచిన విలువ ముందు వెర్షన్ గుర్తు ఒకటి పెట్టండి. పాత గుర్తు కనిపిస్తే 3డీఈఎస్‌తో విప్పి, జీసీఎంతో దాచి, తిరిగి రాయాలి. చదివినప్పుడల్లా మారుతూ పోతుంది. ఎవరూ ముట్టని వరుసల కోసం రాత్రిపూట ఒక జాబ్. కాలమ్ సైజు ముందే పెంచుకోండి, ఐవీ 12, ట్యాగ్ (డేటాని ఎవరూ మార్చలేదని చూపే గుర్తు) 16 బైట్లు అదనం. అన్నీ మారాక పాత బ్యాకప్‌లు ఏవి ఉంచాలో, ఏవి చెరిపేయాలో రాసిపెట్టి సంతకాలు తీసుకోండి. కోడు మార్చినంత మాత్రాన ఏడాది కింద వెండర్‌కి పంపిన డంప్ మారదు.

అకౌంట్స్_అనూష
మధ్యలో వస్తున్నాను, నేను టెక్నికల్ కాదు. మా భాగస్వామి సంస్థ ఎప్పుడో ఇచ్చిన పీఎఫ్ఎక్స్ సర్టిఫికెట్ ఫైలు కొత్త సర్వర్‌లో తెరుచుకోవట్లేదని మా ఐటీ అబ్బాయి అంటున్నాడు. పాస్‌వర్డ్ సరైనదే. అన్‌సపోర్టెడ్ అని వస్తోంది. ఇది కూడా మీరు చెప్పే పాత గొడవేనా? మా దగ్గర పాస్‌వర్డ్ పెట్టిన పాత ఎక్సెల్ ఫైళ్లు కూడా బోలెడున్నాయి.

రేడియో_రెడ్డి
అదే అనూష గారూ. పాత పీఎఫ్ఎక్స్ ఫైళ్లు చాలావరకు ఆర్‌సీ2 అనే పాత సైఫర్‌తో, 40 బిట్ల కీతో మూసి ఉంటాయి. ఒకప్పుడు అమెరికా 40 బిట్లు దాటిన సైఫర్లని ఎగుమతి కానిచ్చేది కాదు, ఆ హద్దు ఇలా ఫైళ్లలో మిగిలిపోయింది. మన దేశంలో కూడా ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల) లైసెన్సుల్లో అనుమతి లేకుండా 40 బిట్లు దాటొద్దనే నిబంధన ఉండేది. మరోవైపు రిజర్వ్ బ్యాంకు 2001లోనే నెట్ బ్యాంకింగ్‌కి కనీసం 128 బిట్ల ఎస్ఎస్ఎల్ (టీఎల్ఎస్ పాత రూపం) ఉండాలని చెప్పింది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0 (సర్వర్లలో ఎన్‌క్రిప్షన్ పని చూసే సాఫ్ట్‌వేర్) ఆర్‌సీ2, ఆర్‌సీ4, ఒంటి డీఈఎస్ లాంటివన్నీ లెగసీ అనే పక్క గదిలోకి నెట్టేసింది. మామూలుగా అడిగితే ఇవ్వదు. మీ అబ్బాయిని కమాండ్‌లో లెగసీ ఆప్షన్ పెట్టి తెరవమనండి. తెరిచి, అదే సర్టిఫికెట్‌ని ఏఈఎస్‌తో కొత్త పీఎఫ్ఎక్స్‌గా మూసి, పాతది చెరిపేయమనండి. ఆన్‌లైన్‌లో మార్చిపెడతాం అనే సైట్లలో మాత్రం ఆ ఫైలు అస్సలు ఎక్కించొద్దు, అందులో మీ కంపెనీ ప్రైవేట్ కీ ఉంటుంది.

లెక్కల_మాస్టారు
ఎక్సెల్ సంగతి నేను చెప్తానమ్మా. పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్ అని ఉన్న 97 నుంచి 2003 నాటి ఫైళ్లలో మామూలుగా వాడింది 40 బిట్ల ఆర్‌సీ4. కీలు మొత్తం 1.1 లక్షల కోట్లే. ఎంత కష్టమైన పాస్‌వర్డ్ పెట్టినా ప్రయోజనం లేదు, కీనే నేరుగా వెతికేస్తారు. తెరిచి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. జిప్ చేసి పంపే అలవాటు ఉంటే అక్కడ కూడా ఏఈఎస్ 256 ఎంచుకోండి. పాత జిప్ ఎన్‌క్రిప్షన్‌ని 1994లోనే బీహామ్, కోచర్ విరిచారు. లోపలున్న ఫైల్లో పన్నెండు పదమూడు బైట్లు ముందే తెలిస్తే చాలు.

అకౌంట్స్_అనూష
లెగసీ ఆప్షన్‌తో తెరుచుకుందండి, థాంక్స్. ఎక్సెల్ ఫైళ్లు చాలా ఉన్నాయి, జీతాలవి ముందు మొదలుపెడుతున్నాను. పాతవి ఆల్రెడీ మెయిల్‌లో బయటి ఆడిటర్‌కి పంపేసి ఉన్నాయి, వాటినేం చేయాలి?

బెళ్లందూరు_బాబాయ్
వాటిని వెనక్కి తీసుకోలేం తల్లీ. ఆడిటర్‌తో మాట్లాడి వాళ్ల దగ్గరున్న కాపీలు తీయించి, తీసేశామని మెయిల్ తీసుకో. ఆ ఫైళ్లలో జీతాలతో పాటు ఎవరివైనా బ్యాంకు లాగిన్లు, పాస్‌వర్డులు కూడా రాసి ఉంటే అవి ఈ రోజే మార్పించు.